లైవ్‌లో మా అమ్మాయి

మా ఇంట్లో టీవీకీ కంప్యూటరుకీ పెళ్ళి చేసింది మావారే. రైల్వేలో సిగ్నల్ సెక్షన్లో పనిచేసి రిటైరైన మనిషి. చేతిలో స్క్రూడ్రైవరు లేకపోతే ఆయనకి అన్నం సయించదు. లాలాగూడ క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్ళూ చుట్టుపక్కల వాళ్ళ రేడియోలూ ఇస్త్రీ పెట్టెలూ మా వరండాలో పొట్టలు విప్పుకుని పడి ఉండేవి. తార్నాకలో ఈ చిన్న ఇల్లు కొనుక్కుని వచ్చాక ఆయన చూపు కంప్యూటరు మీద పడింది. నేను లాలాగూడలోనే ఒక మిషన్ స్కూల్లో టీచర్ని. రోజంతా పిల్లలతో అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి హాలు నిండా తీగలు. "కాళ్ళకి అడ్డం పడి చస్తాను, ఏవిటండీ ఇదంతా" అని ఇంట్లోనూ అరిచేదాన్ని.

సరదాకి పెట్టింది కాదని నాకూ తెలుసు. అమ్మాయిని చూసుకోవడానికి పెట్టారు. ఆ మాట పైకి ఒప్పుకునే రకం కాదు, అంతే.

మాకు ఒక్కతే కూతురు. అప్పుడు యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతోంది. మా ఇంటి నుంచి క్యాంపస్‌కి నడిచే వెళ్ళొచ్చు. అయినా హాస్టల్లో ఉండేది, ఎందుకంటే తండ్రీ కూతుళ్ళకి మాటలు లేవు. మాది గుంటూరు వైపు. మా పెళ్ళి నాటికే ఈయనకి లాలాగూడలో ఉద్యోగం. బతుకంతా ఇక్కడే గడిచినా మా ఇద్దరి మాట మారలేదు, మా ఇంటి కూరల కారం మారలేదు. అమ్మాయి మాత్రం ఇక్కడే పుట్టింది, క్వార్టర్స్ పిల్లల మధ్య పెరిగింది. మాతో ఒక తెలుగు మాట్లాడేది, గుమ్మం దాటగానే ఇంకో తెలుగు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడెక్కాక ఆ గుమ్మం అవతలి తెలుగునే ఇంట్లోకి కూడా తీసుకొచ్చింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. క్యాంపస్‌లో నిరాహార దీక్షల శిబిరంలో తను రోజూ కూర్చుంటున్నానని చాలా మామూలుగా చెప్పింది. ఈయన ముద్ద కలపడం ఆపేశారు.

"మనల్ని పొమ్మనేవాళ్ళ పక్కన కూర్చుంటున్నావా?"

"మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు డాడీ? మా రాష్ట్రం మాకు గావాలె అంటున్నరు, గంతే. నేను ఈడనే పుట్టిన. నాది గీ ఊరు గాకపోతే ఇంకేది?"

ఆయన ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ళూ ఈ ఊరి రైలుబళ్ళకి దారి చూపించిన మనిషికి, ఈ ఊరు నీది కాదు అన్నట్టు వినపడిందో ఏమో. "అయితే వాళ్ళ దగ్గరికే పో. మళ్ళీ వస్తే ఈ గేటు నీకు తియ్యను" అన్నారు.

మా ఇంట్లో ఇలాంటి మాటలు రోజుకి పది దొర్లుతాయి. ఆ పూట అని ఈ పూట మరిచిపోయే మాటలు. కానీ అమ్మాయి మరిచిపోయే రకం కాదు, తండ్రి పోలిక. చెయ్యి కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. పిల్ల వెళ్ళాక నేను ఈయన్ని అనాల్సినవన్నీ అన్నాను. ఆయన కంచం ముందు అలాగే కూర్చుని, అన్నం ఎండిపోయాక లేచారు.

ఫోన్ చెయ్యండి అంటే చెయ్యరు. వెళ్ళి తీసుకురండి అంటే వెళ్ళరు. రోజంతా వార్తలు మాత్రం చూసేవారు. క్యాంపస్‌లో లాఠీఛార్జి, రాళ్ళు, టియర్ గ్యాసు, రోజూ ఏదో ఒకటి. గుంపు కనపడగానే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి టీవీకి ముక్కు ఆనించి చూసేవారు. "ఎవర్ని వెతుకుతున్నారు?" అని అడిగితే "వార్తలు చూస్తున్నాను" అనేవారు. అంత దగ్గరగా వార్తలు చూసేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

బంద్ రోజుల్లో కేబుల్ పోయేది. తీగ తెగేదో, కేబుల్ అతను భయపడి ఆపేసేవాడో తెలీదు. సరిగ్గా ఏం జరుగుతోందో తెలియాల్సిన రోజునే టీవీ నిండా చీమలు పాకేవి. అప్పుడు ఈయన కంప్యూటరు పని పట్టారు. ఫోను తీగలో వచ్చే నెట్‌లో వార్తా చానళ్ళు లైవ్ వస్తాయట. దాన్ని కంప్యూటర్లో పట్టి, అక్కడి నుంచి తీగ లాగి మా పాత డబ్బా టీవీకి తగిలించారు. బొమ్మ వచ్చింది కానీ నత్తనడక. ఒక ముక్క కదిలి ఆగిపోయేది, తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూ కూర్చునేది. పోలీసు లాఠీ ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయేవాడు. అది ఎవరి మీద పడిందో తెలియక నా ప్రాణం గిలగిల్లాడేది.

దానికీ ఒక మందు కనిపెట్టారు. ఎక్కడినుంచో ఒక ప్రోగ్రామ్ తెచ్చి ఎక్కించారు. మునిసిపల్ నీళ్ళు సన్నగా వస్తుంటే ముందు డ్రమ్ములో పట్టుకుని, తరవాత చెంబుతో ముంచుకుంటాం కదా, ఇదీ అంతే. వచ్చే బొమ్మని ముందు కంప్యూటర్లో పోగేసి, అందులోంచి టీవీకి వదులుతుంది. దాంతో బొమ్మ ఆగకుండా నడిచింది. పైగా ఒక మీట నొక్కితే లైవ్ ఆగుతుంది, మళ్ళీ నొక్కితే ఆగినచోటి నుంచే నడుస్తుంది, ఏదీ పోదు. ఆ నొక్కుడు నాకు చూపించిన రోజు ఆయన మొహం చూడాలి.

"చూశావా, లైవ్‌ని ఆపేశాను!"

"మీరు ఆపితే ఆగేదా ఆ ఉద్యమం?" అన్నాను.

చాలా రోజుల తరవాత నవ్వారు. ఆ నవ్వు చూసి నేను కూడా తీగల మీద గొణగడం మానేశాను.

ఒక్కటే లోపం మిగిలింది. టీవీ తెరలో బొమ్మ అంచులు పట్టేవి కావు. చానల్ పేరు సగం కనిపించేది, మూలన ఉండే టైము అసలు కనిపించేదే కాదు. ఏవేవో తిప్పి చూసి విసుగొచ్చి వదిలేశారు. "టైము గోడ మీద ఉంది కదే" అన్నారు. నిజమే, గోడ మీద గడియారం ఉంది.

మరొక చిత్రం నాకు తొందరగానే తెలిసింది. క్యాంపస్‌లో టియర్ గ్యాస్ గుండు పేలితే ఆ చప్పుడు ముందు మా కిటికీలోంచి వచ్చేది. ఆ తరవాత కాసేపటికి అదే చప్పుడు టీవీలో. ఒక్కో గుండుకి నేను రెండుసార్లు ఉలిక్కిపడేదాన్ని. "లైవ్ అంటే ఇప్పుడు జరుగుతున్నది కాదా మరి?" అంటే "ఇప్పటిదే. కొంచెం వెనక, అంతే" అనేవారు. ఆయన గుంపులో వెతకడానికి బొమ్మ ఆపినప్పుడల్లా ఆ కొంచెం ఇంకొంచెం అయ్యేది. ఒక్కసారిగా ముందుకి దూకి ఇప్పటిది అందుకోవడానికి వేరే మీట ఉంది. మొదట్లో అది నొక్కేవారు. తరవాత మానేశారు. "ఎందుకు నొక్కరు?" అని అడిగాను.

"దాటేసిన ముక్కలో అమ్మాయి ఉంటే?"

తండ్రి ప్రేమ అక్కడ ఆ మీట మీద కూర్చుని ఉంది. ఫోను మీదికి మాత్రం పోదు.

ఆ రోజు బంద్. క్యాంపస్ నుంచి పిల్లలు ఊరేగింపుగా సిటీలోకి వెళ్తామన్నారు, పోలీసులు గేట్ల దగ్గర ముళ్ళకంచెలు వేశారు. నాకు స్కూలు లేదు. పొద్దున్నే గుండ్ల చప్పుడు మొదలైంది. పొగ మా గల్లీలోకి వచ్చి కళ్ళు మండిపోతుంటే తలుపులూ కిటికీలూ బిగించి, సందుల్లో తడిపిన దుప్పట్లు కుక్కాం. గేటుకి తాళం కూడా వేశాం. అంతకు కొన్నాళ్ళ ముందు పక్క గల్లీలో, తరుముకొస్తుంటే పారిపోయి ఒక ఇంట్లో దూరిన పిల్లల వెనక పోలీసులు లోపలికి చొరబడి, ఆ ఇంటివాళ్ళని కూడా కొట్టారు. అప్పటినుంచీ గల్లీలో అందరూ బంద్ రోజున తాళాలు వేసుకునేవారు. మా ఎదురింటావిడ కూడా. ఆవిడది వరంగల్ వైపు. ఉద్యమం వచ్చినా పోయినా మా ఇద్దరి మధ్యా కూర గిన్నెలు నడుస్తూనే ఉండేవి.

పొద్దుటి నుంచీ ఈయన ఆపడం, వెతకడం, వదలడం. నేను వంటింట్లోకీ హాల్లోకీ తిరగడం. పప్పు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి మాడ్చాను. ఎవరూ తినలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం దాటాక ఆయన పిలిచారు. "ఇదిగో, ఇలా రా."

బొమ్మ ఆపి ఉంది. రోడ్డు మీద ఆడపిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక పిల్ల ముఖానికి నీలం చున్నీ కట్టుకుని ఉంది. ముఖం కనపడకపోతేనేం, కుడిచేత్తో ఎడమ మోచేతిని పట్టుకుని కూర్చునే పద్ధతి మా అమ్మాయిదే. చిన్నప్పుడు ప్రార్థనలో కూడా అలాగే కూర్చునేది. నేను వెళ్ళి తెర మీద చెయ్యి పెట్టాను. ఈయన వద్దనలేదు. చాలాసేపు అలాగే ఆపి ఉంచారు, ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తరవాత మీట నొక్కితే పిల్ల కదిలింది. చున్నీ సర్దుకుంది, పక్క పిల్లతో ఏదో అంది. ఎదురుగా పోలీసులు నిలబడి ఉన్నారు కానీ ఏమీ చెయ్యడం లేదు. ఇంకోసారి ఆపారు, ఇంకోసారి వదిలారు. కళ్ళ ముందు పిల్ల క్షేమంగా కూర్చుని ఉంటే ఎంతసేపు చూసినా తనివి తీరదు కదా.

"బయట చప్పుడేం లేదేవిటండీ?" అన్నాను మధ్యలో.

"కిటికీలన్నీ మూశాం కదే."

అప్పుడు గేటు చప్పుడైంది. ఎవరో గొళ్ళెం పట్టుకుని బాదుతున్నారు. "అమ్మా!" అని కేక. గేటు దగ్గర నిలబడి అమ్మా అని పిలవనివాళ్ళు ఎవరు? కూరగాయల బండి అతనూ అలాగే పిలుస్తాడు, చందాలకొచ్చే వాళ్ళూ అలాగే పిలుస్తారు. కానీ నేను లేచాను.

"అమ్మాయి గొంతులా ఉందండీ."

ఆయన టీవీ వైపు చెయ్యి చూపించారు. "ఇదిగో, ఇక్కడుంది కదా. ఒకే బండి రెండు స్టేషన్లలో ఎలా ఉంటుందే?"

బతుకంతా ఆయన చేసిన పనే అది. సిగ్నల్ క్యాబిన్లో ప్యానెల్ మీద ఎర్రదీపం వెలిగితే ఆ లైను మీద బండి ఉన్నట్టే. కిటికీలోంచి ఏం వినపడినా, ఎవరు వచ్చి ఏం చెప్పినా ప్యానెల్ చూపించిందే లెక్క. అలా నడిపినన్నాళ్ళూ ఆయన చేతి మీద ఒక్క ప్రమాదం జరగలేదు. నేను టీవీ చూశాను. పిల్ల అక్కడే ఉంది, మోచెయ్యి పట్టుకుని. గేటు మళ్ళీ మోగింది. మళ్ళీ పిలిచారు, ఏదో అన్నారు, తడిదుప్పట్ల అవతలి నుంచి మాట సరిగ్గా తెలియలేదు. నా గాభరా చూడలేక ఈయన టీవీ సౌండు పెంచారు. నేను కూర్చున్నాను.

కాసేపటికి గేటు చప్పుడు ఆగిపోయింది.

ఇంకా కొంతసేపయ్యాక టీవీలో పోలీసులు కదిలారు. వరస చెదిరింది. నీలం చున్నీ లేచి పరిగెత్తింది, బొమ్మలోంచి బయటికి వెళ్ళిపోయింది. నేను నేల మీద మోకరించాను. "తండ్రీ, ఇంటి వైపు పరిగెత్తించు. ఇల్లు దగ్గరే ఉంది, ఇంటికి తీసుకురా" అని ఏడుస్తూ ప్రార్థన చేశాను. ఈయన తాళంచెవి తీసుకుని గేటు దగ్గరికి పరిగెత్తారు. గేటు బార్లా తెరిచి, పిల్ల వస్తే లోపలికి లాగేసుకుందామని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

గల్లీ ఖాళీగా ఉంది. పొగ కూడా లేదు. ఎవరివో చెప్పులు, కొన్ని రాళ్ళు పడి ఉన్నాయి. ఎదురింటావిడ బకెట్టు పెట్టుకుని వాకిలి కడుగుతోంది. మమ్మల్ని చూసి చెంబు కింద పెట్టింది.

"గిప్పుడు తీస్తున్నరా అక్కా గేటు? మీ బిడ్డ గంతసేపు కొట్టె గదా. నేను తాళం దీసి పిలుద్దామనేలోపట పోలీసోళ్ళు గల్లీలకు వచ్చిన్రు. అటు చౌరస్తా దిక్కు ఉరికింది."

"ఇప్పుడే కదమ్మా క్యాంపస్‌లో... ఇప్పుడే టీవీలో చూశాం..."

"ఇప్పుడేడిది? క్యాంపస్ల లొల్లి అయిపోయి ఎంతసేపాయె."

ఈయన నా వైపు చూడలేదు. లోపలికి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళేసరికి కంప్యూటరు ముందు నిలబడి, ఇన్నాళ్ళూ నొక్కని ఆ రెండో మీట నొక్కారు. బొమ్మ ఎగిరి దూకింది. ఖాళీ రోడ్డు, వాలిపోతున్న ఎండ. పరిస్థితి అదుపులోకి వచ్చి చాలాసేపయిందని విలేఖరి చెబుతున్నాడు. ఆయన కుర్చీలో కూర్చున్నారు. పొద్దుటి నుంచీ ఒక్కో ముఖం కోసం ఆపి ఆపి పోగేసుకున్న ఆలస్యమంతా ఆ ఒక్క దూకుడులో తెలిసింది.

అమ్మాయిని తార్నాక చౌరస్తాలో పట్టుకున్నారు. రెండు రోజులు మేము స్టేషన్ల చుట్టూ తిరిగాం. ఏ స్టేషన్లోనూ సరైన జవాబు లేదు. వదిలేశారని తెలిశాక హాస్టల్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఈయన క్యాంపస్ గేటు దాకా వచ్చి ఆగిపోయారు. పిల్ల ఎడమ చేతికి కట్టు ఉంది, ఎముక విరిగింది. ఎప్పుడూ పట్టుకుని కూర్చునే ఆ మోచెయ్యే.

చెప్పాను. డ్రమ్ము, నీళ్ళు, మీట, ఆపడం, వెనకబడడం, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది. పిల్ల పూర్తిగా విన్నది. కోపం కూడా లేదు దాని ముఖంలో, అదే నన్ను భయపెట్టింది.

"టీవీల నేను కనిపించిన్నని, గేటు కాడున్నది నేను గాదనుకున్నరా?"

"అవునమ్మా. ఒట్టు."

"నిన్ను పిలిచిన. నువ్వు రాకపోతే డాడీని పిలిచిన. డాడీ అనంగనే టీవీ సౌండ్ పెరిగింది లోపట. అది గూడ టీవీయే పెంచిందా?"

"నా కోసం పెంచారే. నేను గాభరా పడుతున్నానని..."

"అంటే నీకు వినవడ్డది."

అబద్ధం ఆడి ఉంటే ఏమయ్యేదో. ఆడలేకపోయాను. "నీ గొంతులా ఉందనుకున్నాను" అన్నాను.

"గేటు తియ్యనన్నడు. తియ్యలేదు. గంతే గదా అమ్మా" అని లేచింది. తలుపు దాకా వెళ్ళి, "చెయ్యి నొప్పి లేస్తున్నది, జర పండుకుంటా" అంది. నేను వచ్చేశాను.

తరవాతి వారంలోనే ఈయన టీవీ అంచులు సరిచేశారు. అన్నాళ్ళూ చేతకాని పని ఒక్క పూటలో అయిపోయింది. మూలన టైము నిక్షేపంలా కనిపించింది. దాన్ని చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. కంప్యూటరు బయట పారేస్తానన్నాను. "పారెయ్" అన్నారు. పారెయ్యలేదు. అమ్మాయి కనిపించేది అందులోనే మరి.

చదువు అయ్యాక దానికి ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది, మల్కాజ్‌గిరిలో ఇల్లు తీసుకుని ఉంటోంది. బండెక్కితే ఎంత దూరం? క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది. "డాడీ బాగున్నడా?" అని అడుగుతుంది, పక్కింటాయన్ని అడిగినట్టు. ఈయన ఒకసారి నాకు చెప్పకుండా మల్కాజ్‌గిరి వెళ్ళారు. స్టేషన్లో దిగి, బెంచీ మీద కూర్చుని, తిరుగు బండిలో వచ్చేశారు. అమ్మాయి కూడా గేటు తియ్యదేమోనని భయమట. ఆ మాట చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను ఓదార్చలేదు. ఓదార్చడానికి నా దగ్గర ఏముంది?

రాష్ట్రం వచ్చింది. క్యాంపస్‌లో సంబరాలు లైవ్‌లో చూపిస్తున్నారు. ఈయన కంప్యూటరు ముందు కూర్చున్నారు కానీ మీటల మీద చెయ్యి వెయ్యలేదు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు. గుంపులు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కసారి కూడా ఆపలేదు. అంతలో అమ్మాయి కనిపించింది. బుగ్గల నిండా గులాల్, ఎవరిదో బిడ్డని చంకనేసుకుని నవ్వుతోంది. ఆ నవ్వు తండ్రిదే. ఆయన చూపుడువేలు లేచింది.

నేను లేచి తలుపు వైపు నడిచాను.

"ఎక్కడికే? అదిగో, అక్కడుంది కదా."

"అందుకే వెళ్తున్నాను."

గేటు బార్లా తీసి నిలబడ్డాను. డప్పులు మోగుతున్నాయి. ఎదురింటావిడ స్వీటు తెచ్చి నా చేతిలో పెట్టి, నా ముఖం చూసి వెళ్ళిపోయింది. గల్లీలో జనమంతా క్యాంపస్ వైపే పోతున్నారు. ఇటు వచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. స్వీటు చేతిలో మెత్తబడిపోయేదాకా నిలబడ్డాను. ఈసారి మాత్రం టీవీ చూపించింది నిజమే.